‘కనిపెట్టు ప్రార్థన’లో కనిపెట్టేది ఏమిటి?

ఒంగోలులో ఒక గోడమీద ‘శుక్రవారం రాత్రి కనిపెట్టు ప్రార్థన’ అన్న చర్చి పోస్టర్ చూసి, “రాత్రంతా కూర్చుని ఏం కనిపెడతారు సార్, కొత్త మిషనా?” అని గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. అందరూ నవ్వారు గానీ ప్రశ్న మంచిదే.

ఇప్పుడు కనిపెట్టడం అంటే దొంగను పట్టుకోవడం, లేకపోతే కొత్త వస్తువు తయారు చేయడం. కానీ “పొయ్యిమీద పాలున్నాయి, కాస్త కనిపెట్టుకోని ఉండు” అని మన ఇళ్లలో ఇంకా అంటూనే ఉన్నాం. తెలుగు బైబిల్లో ఉన్నది ఈ అర్థమే. 130వ కీర్తన చూడండి: “కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది.” కావలివాడు తెల్లవారుజామును తీసుకురాలేడు. అది వస్తుందని మాత్రం అతనికి అనుమానం లేదు, అందుకే నిద్రపోడు. విశ్వాసమంటే ఏమిటో నాకు ఈ వాక్యంలో తెలిసినంత తేలిగ్గా పెద్ద పెద్ద ప్రసంగాల్లో తెలియలేదు.

ఇంకొకటి గమనించండి. ఎదురుచూడు, కనిపెట్టు, నిరీక్షించు, మూడింటిలోనూ ఉన్నది చూపే. ‘కను’ అన్నా ‘ఈక్షణం’ అన్నా చూడటమే. హెబ్రీ 11:1లో విశ్వాసాన్ని “నిరీక్షింపబడువాటియొక్క నిజస్వరూపము” అన్నారు, ఆ వెంటనే “అదృశ్యమైనవి” అన్నారు. కంటికి ఆననిదాని మీద చూపు నిలపడమన్నమాట.

కావలి నుంచి ఒక మిత్రుడు: మా ఊరి పేరే కావలి కాబట్టి మాకు ఆ వాక్యం రిజర్వు! సరే గానీ అన్నా, మత్తయి 6:8లో “మీరు మీ తండ్రిని అడుగక మునుపే మీకు అక్కరగా నున్నవేవో ఆయనకు తెలియును” అని ఉంది గదా. తెలిసినాయనకు మళ్లీ చెప్పడమెందుకు?

జవాబు: సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకున్నట్టు ప్రార్థన చేస్తే మీ ప్రశ్నకు జవాబు లేదు తమ్ముడూ. తెలియనివాళ్లకు తెలియజేయడమే ప్రార్థన అయితే అది దండగే. కానీ ఆ మాట అన్న వెంటనే యేసు నేర్పిన ప్రార్థనలో “మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము” అని ఉంది. అడగడం మానమనలేదు. సిలువకు ముందురాత్రి గెత్సేమనే తోటలో ఆయనా అడిగాడు, గిన్నె (అంటే రాబోయే శ్రమ) తొలగించమన్నాడు, చివరికి “నీ చిత్తప్రకారమే కానిమ్ము” దగ్గర ఆగాడు. గిన్నె తొలగలేదు. అడిగినాయన మాత్రం లేచి ఎదురెళ్లాడు. మా నాయనమ్మ ఏదైనా కష్టం వస్తే “అడగాల్సింది అడిగినా, ఇప్పుడు కనిపెట్టుకోని ఉండా” అనేది. ఆ రెండో సగం మైకు పెట్టే కూడికల్లో ఈమధ్య తగ్గిపోతోందని నా ఫిర్యాదు.

మన జిల్లా చరిత్రలోనే ఉంది చూడండి. 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు, కొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండెక్కి, ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. అంతకుముందు ఏడాదే నెల్లూరు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో చర్చ నడిచింది. వాళ్లు అడిగిన మిషనరీ, జాన్ క్లౌ దొర, ఒంగోలు వచ్చింది 1866లో. మధ్యలో 12 ఏళ్లు.

మద్దిపాడు నుంచి ఒకరు: ఆ తర్వాత గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు అంటారు. అది కరువు కూలి కోసం కాదా అండీ?

జవాబు: ఆ అనుమానం క్లౌకే వచ్చింది. ధాత కరువులో (1876–78) ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని ఇచ్చాడు. ఆ సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. మీరు చెప్పే రోజు 1878 జూలై 3, ఆ ఆపిన కాలం తర్వాతిది. ఎవరి మనసులో ఏముందో నేను తేల్చలేను. కానీ వచ్చినవాళ్లను కూడా కనిపెట్టి చూశాడు, అది గమనించాలి.

నెల్లూరు నుంచి ఒక మేడమ్: ఈకాలం పిల్లలకు అర్థమయ్యేట్టు ‘ఎదురుచూపు ప్రార్థన’ అని మార్చేస్తే పోలా?

జవాబు: తప్పేం లేదమ్మా, యెషయా 40:31లో “యెహోవాకొరకు ఎదురుచూచువారు” అనే ఉంది. కాకపోతే బస్సు కోసం ఎదురుచూస్తాం, పసిపిల్లను కనిపెట్టుకుని ఉంటాం. మొదటిదానిలో ఫోను చూసుకుంటూ కూర్చోవచ్చు. నా ఓటు పాతమాటకే.