వైమానిక దళం ఫ్లయింగ్ బ్రాంచ్‌కి ఎలా సిద్ధమవ్వాలి?

ప్రశ్న: మాది సిద్దిపేట పక్క ఊరు. బస్సు హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ దాటినప్పుడల్లా హెలికాప్టర్ల కోసం చూస్తాను. నాకు 21, డిగ్రీ చివరి ఏడాది. హెలికాప్టర్ పైలట్‌గానే దరఖాస్తు పెట్టొచ్చా?

జవాబు: లేదు చెల్లీ. ఏఎఫ్‌క్యాట్ (వైమానిక దళ అధికారుల ప్రవేశ పరీక్ష) దరఖాస్తులో ఫ్లయింగ్ బ్రాంచ్, అంటే పైలట్ల విభాగం, పెట్టాలి. హెలికాప్టరా, ఫైటరా అన్నది శిక్షణలో తేలుతుంది. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉన్నాయా? ఎత్తు 162.5 సెంటీమీటర్లు ఉందా?

ప్రశ్నించినవారు: రెండూ ఉన్నాయన్నా.

జవాబు: అయితే సీపీఎస్‌ఎస్ మీదే దృష్టి పెట్టు. పైలట్ల ఎంపిక కోసం కంప్యూటర్ మీద జాయ్‌స్టిక్, పెడల్స్‌తో చేసే పరీక్ష అది. జీవితంలో ఒక్కటే అవకాశం. నేను టెన్షన్‌తో రాత్రంతా నిద్రపోకుండా వెళ్లి పోగొట్టుకున్నాను. ఇప్పటికీ బాధే. నువ్వు మాత్రం కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి వెళ్లు.

ఇంకొకరు: ఏఎఫ్‌క్యాట్ రాతపరీక్షలో తప్పు జవాబుకి ఒక మార్కు పోతుంది. తెలియనివి వదిలెయ్యమ్మా.