తెలుగు, ఒడియా అక్షరాల్ని ఇటాలిక్‌లా వాల్చొచ్చా?

గజపతి ఫ్లెక్స్:
పర్లాకిమిడిలో ఒక స్వీట్ షాపు బోర్డు చేస్తున్నా. పైన ఒడియా, మధ్యలో తెలుగు, కింద ఇంగ్లీషు. ఇంగ్లీషుకి చివర్లు గుండ్రంగా ఉండి కుడివైపు వాలే ఇటాలిక్ ఫాంట్ ఓనరే తెచ్చాడు, మిగతా రెండూ అలాగే ఉండాలన్నాడు. తెలుగుకి బాలూ తమ్ముడు, ఒడియాకి బాలూ భాయినా ఫాంట్లు వేసి (భాయినా అంటే అన్న, పేర్లు మన ఊరికే పెట్టినట్టున్నాయి) కోరల్‌డ్రాలో 12 డిగ్రీలు స్క్యూ కొట్టాను, అంటే కుడికి వాల్చాను. నాకైతే స్పీడుగా, బాగుంది. మా పెదనాన్న చూసి తాగొచ్చిన అక్షరాల్లా ఉన్నాయన్నారు. తప్పేంటి ఇందులో?

బరంపురం మాస్టారు:
పెదనాన్నగారిదే రైటు. ఆ ఫాంట్లకి ఇటాలిక్ అసలు లేదు, నువ్వు నిటారు అక్షరాన్ని పక్కకి తోశావంతే. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త లాటిన్ కవి వర్జిల్ పుస్తకం ఇటాలిక్‌లో అచ్చేసినప్పుడు దాని అక్షరాల్ని ఫ్రాంచెస్కో గ్రిఫో అనే అచ్చు అక్షరాల శిల్పి అప్పటి చేతిరాతని చూసి విడిగా చెక్కాడు. ఇప్పటికీ చాలా ఫాంట్లలో ఇటాలిక్‌కి వెళ్తే చిన్నబడి 'a' రూపమే మారిపోతుంది. నీ బోర్డులో 'స్వీట్స్' జూమ్ చేసి చూడు. గుడిదీర్ఘం కుడికి జరిగింది, కింద వ ఒత్తు ఎడమకి జారి స కాళ్ల కిందకి దూరింది. మిగతా మాటల్లో తలకట్టు పొడుగు కొమ్ము పడుకుంది. పైగా సున్నాని తోస్తే, వాస్తు భాషలో చెప్పాలంటే, ఈశాన్యం నైరుతి లావెక్కి వాయవ్యం ఆగ్నేయం చిక్కిపోతాయి. ఇంగ్లీషులో నిలువు గీతలెక్కువ కాబట్టి కొంత దాగుతుంది, మన రెండు లిపులూ నిండా సున్నాలే కదా, ఎక్కడ దాస్తావు?

పాతపట్నం పెయింటర్:
మాస్టారూ, వాలు తప్పంటే నేనొప్పుకోను. లారీల మీద తెలుగు వాల్చి ఎన్ని రాశానో. కుంచె ఎత్తిన చోట చివర గుండ్రంగా దానంతటదే వస్తుంది, ఒత్తు ఎక్కడ పెట్టాలో చెయ్యి చూసుకుంటుంది. కంప్యూటర్ అది చూడదు. తమ్ముడూ, నీ బోర్డుకి వాలు కంటే లావు ప్రమాదం. అంత బొద్దు అక్షరాల్లో ప మీద సందు పూడుకుపోతే దూరం నుంచి వ అయిపోతుంది, 'పాలకోవా' కాస్తా 'వాలకోవా'. 'ధర'లో ధ కింద చిన్న గీత ఉందా, చూశావా?

గజపతి ఫ్లెక్స్:
ఉందన్నా, కానీ పైన అక్షరానికి అంటుకుపోయింది. ఒక్కో ఒత్తూ చేత్తో సర్దడానికి ఓనరు డబ్బులివ్వడు, ఎల్లుండే ఓపెనింగు. తెలుగు, ఒడియా నిటారుగా పెట్టి ఒక సైజు సన్నం చేస్తా, ఇంగ్లీషు వాలుగానే ఉంచుతా.

బరంపురం మాస్టారు:
అలాగే చెయ్యి. ఫ్లెక్స్‌కి పంపే ముందు ఏ4 మీద ప్రింటు తీసి రోడ్డు అవతల నుంచి పెదనాన్నగారి చేత చదివించు.

గజపతి ఫ్లెక్స్:
చదివించా. 'పాలకోవా' గడగడా చదివేశారు. ఇంగ్లీషు లైను మాత్రం ఇంకా తాగే ఉందంట.