కరెంటు ప్లాంటు ఖర్చు ఎంత పెరుగుతుందో ముందే చెప్పగలమా?

లెక్కలమాస్టారు: కల్పాక్కంలోని బ్రీడర్ అణు రియాక్టరుకు 2003లో మంజూరైంది రూ.3,492 కోట్లు. అది 5,677 కోట్లయింది, ఆపైన 6,840 కోట్లు. కూడంకుళం మొదటి రెండు యూనిట్లు 13,171 కోట్లతో మొదలై 22,462 కోట్లకు చేరాయి. అడిగితే ప్రతిసారీ ‘ఊహించని కారణాలు’ అంటారు. డ్రాయింగులు చూడకుండానే ఈ పెరుగుదల చెప్పొచ్చని నా వాదన. సోవకూల్ అనే పరిశోధకుడి బృందం 2014లో 57 దేశాల్లోని 401 విద్యుత్ ప్రాజెక్టుల లెక్కలు తీసింది. సగటు పెరుగుదల అణు ప్లాంట్లకు 117 శాతం, జలవిద్యుత్తుకు 71, థర్మల్‌కు 13, సోలార్‌కు 1. డీపీఆర్ (మొదట్లో వేసే సవివర ప్రాజెక్టు నివేదిక) అంకె మీద ఆ శాతం వేసి చూపిస్తే సరిపోతుంది.

సైటుమనిషి: ముప్పై ఏళ్లు థర్మల్ సైట్లలో తిరిగాను. సగటు పట్టుకుని ఏం చేస్తారు మాస్టారూ? అరుణాచల్–అస్సాం సరిహద్దులోని సుబన్‌సిరి జలవిద్యుత్ ప్రాజెక్టు చూడండి. 2,000 మెగావాట్లు, 2002 ధరల్లో 6,285 కోట్లు. అస్సాంలో ఆందోళనలతో 2011 డిసెంబరులో ఆగిన పని 2019 అక్టోబరులో గానీ మొదలవలేదు. ఖర్చు ఇరవై వేల కోట్లు దాటింది. మీ 71 శాతం ఏ మూలకు?

సిమెంటూ ఉక్కూ కాదండీ, వడ్డీ ముంచుతుంది. 10,000 కోట్ల ప్లాంటులో 7,000 కోట్లు అప్పనుకోండి. డబ్బంతా వాడేశాక ఒక్క ఏడాది ఆలస్యమైతే, 10 శాతం చొప్పున 700 కోట్లు. ఒక్క బోల్టు బిగించకపోయినా రోజుకు దాదాపు రెండు కోట్లు! అదంతా ఐడీసీ (నిర్మాణ కాలపు వడ్డీ) కింద ప్లాంటు ఖర్చులోనే కలుస్తుంది. భూమి చేతికొచ్చిందా, అనుమతులున్నాయా, బొగ్గుకు రైలు లైను పడిందా, ఇవి చూసి చెప్పాలి.

లెక్కలమాస్టారు: సుబన్‌సిరిలో ఎనిమిదేళ్లు ఆగుతుందని మీ లిస్టు చెప్పేదా? పేరు తెలియని ఆలస్యాల కోసమే సగటు.

గోదారిగట్టు: పేరు తెలిసినవాటినే వదిలేస్తున్నాం కదా. తెలంగాణలో భద్రాద్రి థర్మల్ ప్లాంటు రెండేళ్లలో అన్నారు. పర్యావరణ అనుమతి రాకముందే 2015లో పనులు మొదలుపెట్టారు, జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) ఆపింది. నాలుగో యూనిట్ వచ్చేసరికి 2022 జనవరి. దీనికి 57 దేశాల సర్వే కావాలా?

బిల్లుకట్టేవాడు: తెలియక కాదండీ, చెప్పరు. 71 శాతం కలిపి చూపిస్తే ఏ క్యాబినెట్ సంతకం పెడుతుంది? తక్కువ చూపించి మంజూరు చేయించుకుంటే, సగం కట్టాక ఎవరూ ఆపలేరు. అమెరికాలో ఆపారు లెండి. సౌత్ కరోలినాలో వీసీ సమ్మర్ కొత్త రియాక్టర్లు రెండింటినీ 2017లో వదిలేశారు, అప్పటికే దాదాపు 900 కోట్ల డాలర్లు అయ్యాయి. వాటి నుంచి ఒక్క యూనిట్ కరెంటు రాలేదు, జనం మాత్రం బిల్లుల్లో కడుతున్నారు.

సైటుమనిషి: ఇంకో చిక్కు. అంచనాలో అదనం ఉందని తెలిస్తే కాంట్రాక్టరు దాన్ని మిగల్చడు. ‘ఎక్స్‌ట్రా ఐటెమ్’ పేరుతో బిల్లులు వస్తూనే ఉంటాయి. ఎన్ని చూశానో!

లెక్కలమాస్టారు: ఆ డబ్బు జెన్‌కో (రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థ) చేతికి ఇవ్వమనలేదు, ఆర్థిక శాఖ దగ్గరే ఉండనివ్వండి. ఒకటి మాత్రం ఒప్పుకుంటా, థర్మల్‌కు 13 శాతం మన దగ్గర చాలదనే అనిపిస్తోంది. మన జెన్‌కోల డీపీఆర్ అంకె, విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్సీ) ఆమోదించిన ఖర్చు పక్కపక్కన పెట్టి మన సగటు మనమే తీద్దామా?

సైటుమనిషి: తీద్దాం. కొత్తగూడెం టారిఫ్ ఉత్తర్వులు నేను వెతుకుతా. ప్రతిదానికీ జీరో డేట్ (గడువు లెక్క మొదలయ్యే తేదీ) కూడా రాయండి. ఆ తేదీని తర్వాతి రోజుకు జరిపి ఆలస్యమే లేదని చూపించిన ప్లాంటు ఒకటి నాకు తెలుసు, పేరు అడక్కండి.