కార్తీక వనభోజనాలు, లేక్ లానియర్ ఒడ్డున: ఈసారి స్టేజీ వద్దు

సమన్వయం:
మన తెలుగు సంఘంలో అందరికీ నమస్కారం. వనభోజనాలకి పెవిలియన్ (సరస్సు ఒడ్డున కప్పున్న చావడి) బుక్ అయింది. నవంబరు రెండో ఆదివారం, పొద్దున 10 నుంచి సాయంత్రం 5 దాకా. చలికాలానికి ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పిన తర్వాతి వారం కాబట్టి 5.40కల్లా పొద్దు గూకుతుంది. అప్పటికి సామాన్లు కార్లలో ఉండాలి.

పోయినేడు స్టేజీ మీద 31 ఐటెమ్స్ పెట్టాం. మైకు 11 గంటలకు మొదలై 4 దాకా ఆగలేదు. సామాన్లు సర్దుతుంటే పార్కింగ్‌లో ఒకావిడ నాతో చెప్పారు, వాళ్ళ నాన్నగారు పోయి నాలుగు నెలలైందని. ఆ రోజంతా మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలడం లేదు. కలుసుకోవడానికని పిలిచి, మాట్లాడుకునే వీలే లేకుండా చేశాం.

అందుకని ఈసారి స్టేజీ వద్దంటున్నాను. కలిసి తినడం, కలిసి పాడడం, కలిసి కుట్టడం, ఈ మూడే. అమెరికాలో, ఈ జార్జియాలో 18 ఏళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడివాళ్ళ పాట ఒక్కటి రాదు నాకు, చేతిపని ఒక్కటి తెలియదు. ఈసారి వాళ్ళనీ పిలుద్దాం. ఎవరికి ఏం తోస్తే అది రాయండి.

సంగీతం:
అక్కా, పాటకి సేక్రెడ్ హార్ప్ వాళ్ళని అడుగుదాం, అది ఇక్కడి పాత క్రైస్తవ బృందగానం. పోయిన వేసవిలో ఒక పల్లె చర్చిలో వాళ్ళ పాట విన్నాను. వినడం అనకూడదేమో, నన్నూ కూర్చోబెట్టి పాడించారు. ఈ సంప్రదాయానికి ఆ పేరు పాటల పుస్తకం నుంచే వచ్చింది. 1844లో జార్జియావాళ్ళే ఇద్దరు, బి.ఎఫ్. వైట్, ఇ.జె. కింగ్, దాన్ని తెచ్చారు. అందులో స్వరాలకి ఆకారాలుంటాయి: ఫా త్రికోణం, సో గుండ్రం, లా చతురస్రం, మీ డైమండ్. నాలుగు గొంతుల వాళ్ళు నాలుగు వైపులా ఎదురెదురుగా కూర్చుంటారు. మధ్యలో ఒకరు నిలబడి చేత్తో లయ చూపిస్తారు. ఒక్కో పాటకి ఒక్కొక్కరు, పిల్లలైనా సరే.

నా ఒళ్ళు జలదరించింది ఎక్కడంటే, ముందు స్వరం పాడతారు, ఆ తర్వాతే మాటలు. మనం సంగీతం క్లాసులో గీతం నేర్చుకున్న పద్ధతే కదా! మన పిల్లలకి ఇది చెప్పక్కర్లేదు, తాళం వేస్తూ వెళ్ళిపోతారు.

ఒక్క సంగతి. వాళ్ళు ప్రదర్శన ఇవ్వరు, వినేవాళ్ళ కోసం పాడరు. ఎదురుగా కుర్చీలు వేసి చప్పట్లు కొట్టడం కాదు, మనమూ మధ్యలో కూర్చుని పాడాలి.

పిల్లలు:
మా డ్యాన్స్ క్లాసు తల్లులు బాధపడతారు వదినా. మూడు నెలలుగా ప్రాక్టీసు చేస్తున్నారు. ఇంకొకటి, అవి క్రైస్తవ భక్తి పాటలు కదా. కార్తీకంలో ఉసిరి పూజ పెట్టుకుని పక్కనే అవి పాడితే కొందరు పెద్దవాళ్ళు ఏమనుకుంటారో అని నాకు టెన్షన్‌గా ఉంది.

సమన్వయం:
డ్యాన్సులకి ఉగాదికి పూర్తి స్టేజీ ఇద్దాం, ముందు పేర్లు వాళ్ళవే. ఆ తల్లులతో నేనే ఫోన్లో మాట్లాడతాను, నువ్వు మాటపడొద్దు.

రెండోది నువ్వు అడగడం మంచిదైంది. దాచొద్దు, ఆహ్వానంలోనే రాద్దాం: 10కి పూజ, 11.15కి పాట, అది భక్తి పాట అని. ఇష్టం లేనివాళ్ళు ఆ గంట ఒడ్డున నడవొచ్చు. మన సంఘంలో క్రైస్తవ కుటుంబాలున్నాయి, ఏళ్ళ తరబడి చందా కడుతున్నారు, వనభోజనాలకి మాత్రం రారు. ఇద్దరిని అడిగాను, ఈసారి వస్తామన్నారు. ఒకాయన బేస్ గొంతు, అంటే అన్నిటికన్నా కింది స్థాయి, తనదే అన్నారు.

వంటలు:
సేక్రెడ్ హార్ప్ వాళ్ళకి కూడా వనభోజనమే ఉంది, మీకు తెలుసా? పొద్దుటి పాట అయ్యాక చర్చి ఆవరణలో పొడుగాటి బల్లల మీద ఇంటింటి వంట పెట్టుకుని తింటారు. కాబట్టి వాళ్ళకి మన పద్ధతి కొత్తేం కాదు, ఒక్కొక్కరూ ఒక వంటకం తెస్తామంటున్నారు.

జాగ్రత్త ఒకటి. ఇక్కడ కాలర్డ్ ఆకు కూరలోనూ బొబ్బర్లలోనూ పంది మాంసం ముక్క వేసి ఉడికించడం మామూలు. చూడ్డానికి ఆకు కూరే. ముందే మర్యాదగా చెబుదాం, కార్తీకమాసం, అందరం శాకాహారం అని. చెప్తే ఏమీ అనుకోరు. చెప్పకపోతే వాళ్ళు కష్టపడి చేసి తెచ్చింది ఎవరూ ముట్టుకోరు, అది మాత్రం చాలా బాధ.

120 మందికి పులిహోరకి 20 పౌండ్ల సోనామసూరి బస్తా ఒకటి చాలు, మిగతావి ఉంటాయి కదా. చింతపండు పులుసు శుక్రవారమే మా ఇంట్లో ఉడుకుతుంది. పెరుగన్నం అక్కడే కలుపుదాం. వడలు మాత్రం అలసంద వడలే చేస్తాను, ఇంకేం వద్దు. అలసందలు, అదే బొబ్బర్లు, ఆఫ్రికా నుంచి వచ్చిన గింజ. పడమటి ఆఫ్రికాలో ఇలాగే రుబ్బి నూనెలో వేయిస్తారు. అమెరికాలోని ఈ దక్షిణాదికి ఆ గింజ బానిసలుగా తెచ్చినవాళ్ళతో వచ్చింది. ఆ వడ బల్ల మీద ఉండాలి.

స్థలం, సామాన్లు:
అరటి దొప్పల్లో దీపాలు సరస్సులో వదలొద్దు. రెండు పెద్ద టబ్బులు తెస్తాను, నీళ్ళు పోసి అందులో వదులుదాం. ఉసిరి చెట్టు ఎక్కడా దొరకదు, మన కొట్లో కాయలు దొరుకుతాయి, కుండీలో కొమ్మ పెట్టి కాయలు కడదాం. చెత్త సంచులు 20. మైకు తేను.

సమన్వయం:
కుట్టు సంగతి. మా అత్తగారు ఆరు నెలలు ఉందామని వచ్చారు, సిద్దిపేట వైపు నుంచి. వచ్చిన వారానికే నా పాత నూలు చీరలన్నీ ముందేసుకుని బొంత మొదలుపెట్టారు. మా లైబ్రరీలో శనివారాలు క్విల్ట్, అంటే ఇక్కడి బొంత, కుట్టే ఇద్దరు ఆఫ్రికన్ అమెరికన్ పెద్దావిడలు ఉన్నారు. వాళ్ళని ఇంటికి పిలిచాను. ఒకరి భాష ఒకరికి రాదు, గంటన్నర సేపు ఒకరి కుట్టు ఒకరు తిప్పి తిప్పి చూసుకున్నారు.

వాళ్ళ దగ్గరే గీస్ బెండ్ గురించి విన్నాను. అలబామా నది వంపులో ఉన్న చిన్న ఊరు అది. అక్కడివాళ్ళు బానిసలుగా పత్తి తీసినవాళ్ళ వారసులు, చాలామంది ఇంటిపేరు పెట్‌వే, ఆ పత్తి తోట యజమాని పేరే. చిరిగిన పని బట్టలతో చలికి బొంతలు కుట్టుకున్నారు. 1962లో వాళ్ళు ఓటు కోసం నది దాటుతున్నారని పడవ ఆపేశారు, మళ్ళీ నడిచింది 2006లో. అదే ఏడాది ఆ బొంతల బొమ్మలు అమెరికా పోస్టల్ స్టాంపుల మీద వచ్చాయి. మన అట్లాంటా హై మ్యూజియం సేకరణలో కూడా ఆ బొంతలున్నాయి. ముందు వారం ఎవరైనా వస్తానంటే కలిసి వెళ్దాం, అవి అప్పుడు గోడ మీద ఉన్నాయో లేదో ఫోన్ చేసి కనుక్కుంటాను.

భోజనాలయ్యాక 2 గంటలకి చాపలు పరుద్దాం, అత్తగారూ ఆ పెద్దావిడలూ ముగ్గురూ నేర్పుతారు. ఒక్కటే పెద్ద బొంత, అందరం చుట్టూ కూర్చుని కుడదాం. మాటలు అక్కడ వస్తాయి. నూలు చీరలు, పంచెలు తెండి, ఉతికి. సింథటిక్ వద్దు, సూది సులువుగా దిగదు. పెద్ద సూదులు, దారం నేను కొంటాను.

పిల్లలు:
సరే వదినా, నేను ఒప్పుకుంటున్నాను. అయిదేళ్ళు దాటిన పిల్లలకి సూదిలో దారం ఎక్కించే పని పెడతాను.

ఒక సభ్యురాలు:
పోయినేడు పార్కింగ్‌లో మాట్లాడింది నేనే. నాన్నగారి పంచెలు రెండు నా దగ్గరున్నాయి. తెద్దామనే ఉంది, కత్తెర పెట్టాలంటే చెయ్యి రావడం లేదు.

సమన్వయం:
చదివి మా అత్తగారికి చెప్పాను. కత్తిరించక్కర్లేదట. బొంతకి లోపలి పొరలు నిండు బట్టలే పరుస్తారట, మడిచి మధ్యలో పెట్టి పైన కుట్టేస్తారట. గీస్ బెండ్‌లో మిజోరీ పెట్‌వే అనే ఆవిడ కూడా 1942లో భర్త పోయాక ఆయన పని బట్టలతోనే బొంత కుట్టుకుంది. మీరు పంచెలు అలాగే తెండి. మొదటి పొర అవే వేద్దాం, మీరు పక్కనే కూర్చోండి. 9.30కి మా కారులో వెళ్దాం, నేను మీ ఇంటి మీదుగానే వస్తాను.