రిటైర్ అయ్యాక ఒక్కడినే పోర్ట్‌బ్లెయిర్: పాత ఇరవై నోటు మీది బొమ్మ చూడాలని ఉంది

8 ఇంక్లైన్ కాలనీ (ప్రశ్న)

అందరికీ నమస్తే. గోదావరిఖని నుంచి రాస్తున్నా. సింగరేణి బొగ్గు గనుల్లో 34 ఏళ్లు బాయి పని చేసి పోయిన ఏడాది రిటైర్ అయ్యాను. టింబర్‌మన్‌గా చేరాను. అప్పట్లో పైకప్పుకు కర్ర దిమ్మెలే ఆధారం, తర్వాత రూఫ్ బోల్టులు వచ్చాయి. ఇప్పుడు వయసు 62.

జనవరిలో అండమాన్ పోదామనుకుంటున్నా. ఒక్కడినే. ఎందుకు ఒక్కడివే అని ఎట్లాగూ అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. మా ఇంటామెకు మోకాళ్ల నొప్పులు, దానికి తోడు నీళ్లంటే భయం. 2015 పుష్కరాలకు పోతే గోదావరిలో మోకాలు లోతు దాటి రాలేదు. "నువ్వు పోయిరా, ఆ వారం నేను పెద్దపల్లిల బిడ్డ దగ్గర ఉంట" అన్నది. మా బాబు బెంగళూరు నుంచి ఒక ప్యాకేజీ కాగితం పంపాడు. ఆరు రోజుల్లో నాలుగు దీవులు, ఒకరోజు రాత్రి మూడింటికే లేవాలట. ఇన్నేళ్లు సైరన్ మోతకు లేచినోడిని. డబ్బులు పెట్టి మరీ మళ్లీ మస్టర్ (డ్యూటీ హాజరు) ఇయ్యాల్నా?

అండమానే ఎందుకంటే, ఒక నోటు వల్ల. పాత ఎర్ర ఇరవై నోటు గుర్తుందా? దాని వెనక కొబ్బరి చెట్లు, సముద్రం, దూరంగా గుట్ట, లైట్‌హౌస్ ఉంటాయి. సెకండ్ షిఫ్ట్ దిగి పైకి వచ్చాక క్యాంటీన్‌లో చిల్లర కింద ఆ నోటు చేతికొచ్చింది. వేళ్లకు బొగ్గు ఉండటంతో నోటు మీద నల్లగా వేలిముద్ర పడింది. సరిగ్గా నీళ్ల మీద. ఆ నోటు ఖర్చు పెట్టలేదు, పాస్‌బుక్ కవర్‌లో ఇంకా ఉంది. అది పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి నార్త్ బే అని మొన్న మా మనవరాలు ఫోన్‌లో చూసి చెప్పింది.

అడగాల్సినవి ఇవి. ఒంటరి మగమనిషికి అక్కడ లాడ్జి ఇస్తారా? ఒకసారి వేరే ఊర్లో "ఒక్కరికి రూమ్ లేదు" అన్నారు, రాత్రంతా బస్టాండ్‌లోనే కూర్చున్నా. ఓడ మీద పోవడం మంచిదా, విమానమా? నార్త్ బేకు ఎట్లా పోవాలి? సముద్రం కిందికి దిగి చేపలు చూపిస్తారట కదా, ఈ వయసులో దిగొచ్చా? మొత్తం 40 వేలు పెట్టుకున్నా.

రాజీవ్ రహదారి

కాకా, నా మాట విని ప్యాకేజీ తీసుకో. మేము ఆరుగురం పోయిన డిసెంబర్‌లో కరీంనగర్ నుంచి పోయాం. హ్యావ్‌లాక్ దీవిలో రాధానగర్ బీచ్ చూడకుండా వస్తే పోయినట్టే కాదు. బారాటాంగ్ దీవి కూడా వదలొద్దు. నువ్వన్న మూడింటికి లేచేది దానికే. తెల్లారేసరికి జిర్కాటాంగ్ చెక్‌పోస్ట్ దగ్గర లైన్‌లో ఉండాలి, అక్కడి నుంచి బండ్లన్నీ కాన్వాయ్‌గా జారవా ఆదివాసుల అడవి గుండా పోతాయి. మధ్యలో ఆపొద్దు, ఫొటో తీయొద్దు, తీస్తే కేసే. ఆ తర్వాత చిన్న పడవలో మడ అడవుల మధ్య నుంచి సున్నపురాయి గుహలకు పోవాలి. చాలా బాగుంటుంది.

ఒక్కడివే పోతే ప్రతి కారు కిరాయి మొత్తం నీ మీదే పడుతుంది. లెక్క అక్కడే తప్పుతుంది చూసుకో. ప్యాకేజీలో ఇబ్బంది లేదని కాదు. మా ఏజెంట్ సీ వ్యూ రూమ్ అని చెప్పి జనరేటర్ వ్యూ ఇచ్చాడు. కానీ ఎక్కు అంటే ఎక్కాం, దిగు అంటే దిగాం, టెన్షన్ లేదు.

8 ఇంక్లైన్ కాలనీ

తమ్మీ, చెప్పినందుకు థ్యాంక్స్. కానీ గుహ చూడడానికి నేను డబ్బులు పెట్టాల్నా? కంపెనీ నాకు జీతమిచ్చి మరీ 34 ఏళ్లు చూపించింది. పైగా ఆ అడవిలో బతికే మనుషుల నడుమ నుంచి అంత దూరం బండ్ల వరుస కట్టుకొని పోవడం నాకు మనసొప్పదు. బారాటాంగ్ కొట్టేశా.

అబర్డీన్ బజార్ సిక్కోలోడు

బాబాయ్ గారూ, నేను పోర్ట్‌బ్లెయిర్‌లోనే పుట్టి పెరిగాను. మా తాతది సోంపేట వైపు, చేపల వేటకని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇక్కడ మనవాళ్లు బోలెడుమంది, ఎక్కువగా మా శ్రీకాకుళం వాళ్లే. మార్కెట్లో తెలుగులో బేరమాడొచ్చు. మీ తెలంగాణ యాసకు రెండుసార్లు తిరిగి చూస్తారేమో, అంతే. 2024 సెప్టెంబర్ నుంచి ఊరికి శ్రీ విజయపురం అని కొత్త పేరు. టికెట్ మీద ఏ పేరున్నా కంగారు పడకండి, ఒకటే ఊరు. హ్యావ్‌లాక్ 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది. ఆటోవాళ్లకు పాత పేర్లే నోటికి వస్తాయి.

అసలు సంగతి మీ నోటు. నార్త్ బేకు పడవ ఎక్కి పోతే మీరు ఆ లైట్‌హౌస్ కిందికి పోతారు గానీ నోటు మీది బొమ్మ కనపడదు. ఫొటోలో ఉన్న గుమ్మం దగ్గర నిలబడితే ఇల్లు మొత్తం కనపడుతుందా చెప్పండి? ఆ బొమ్మ పైనుంచి తీసింది. మౌంట్ హ్యారియెట్ కొండ దారి నుంచి చూస్తే అట్లా కనిపిస్తుంది. దానికి 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. టూరిస్టు బోట్లవాళ్లు ఈ మాట చెప్పరు, వాళ్లకు నార్త్ బే టికెట్లు తెగాలి.

చాథమ్ జెట్టీ నుంచి బాంబూఫ్లాట్‌కు సర్కారు ఫెర్రీ పోతుంది. ఊరి జనం, స్కూలు పిల్లలు, స్కూటర్లు అన్నీ అందులోనే. టికెట్ చిల్లర డబ్బులే. అటు దిగి ఆటో మాట్లాడుకుంటే కొండ మీదికి తీసుకెళ్తాడు. పైన నేషనల్ పార్క్ కాబట్టి ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. అదే రోడ్డు మీద చుట్టి పోతే సగం రోజు పోతుంది.

ఇంకోటి. మీరు టింబర్‌మన్ అన్నారు కదా, చాథమ్‌లో ఫెర్రీ ఎక్కే చోటికి పక్కనే కలప కోసే సా మిల్లు ఉంది. 1883లో పెట్టింది, ఆసియాలోని పాత సా మిల్లుల్లో ఒకటి. పడాక్ చెట్టు దుంగలు కోస్తుంటే ఎర్ర పొట్టు రాలుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో పడిన బాంబు గొయ్యి కూడా లోపల ఉంది. ఆదివారం సెలవు, ఆరోజు పెట్టుకోకండి. టూరిస్టులు అక్కడ పావుగంట ఉంటారు, మీకు పూట పడుతుందనుకుంటా.

లాడ్జికి భయం లేదు. ఆధార్ చూపిస్తే ఒంటరి మనిషికైనా రూమ్ ఇస్తారు. అబర్డీన్ బజార్‌లో క్లాక్ టవర్ చుట్టుపక్కల దిగండి. బస్టాండ్, హోటళ్లు, సెల్యులార్ జైలు అన్నీ నడిచి పోయే దూరమే. మొదటి రెండు రాత్రులకు మాత్రం ఫోన్లో బుక్ చేసుకుని, "ఒక్కడినే వస్తున్నా" అని ముందే చెప్పండి.

చీకటి తొందరగా పడుతుంది. గడియారం మీదీ మాదీ ఒకటే గానీ సూర్యుడు మాకు ముందు. జనవరిలో ఐదున్నర అయ్యేసరికి పొద్దు పోతుంది. తిరగడమంతా పొద్దున్నే పెట్టుకోండి. రాస్ ఐలాండ్ బుధవారం మూసేస్తారు, మ్యూజియాలు సోమవారం. ఒడ్డున గవ్వ గానీ పగడపు ముక్క గానీ, చచ్చినదైనా సరే, జేబులో వేసుకోకండి. ఎయిర్‌పోర్టులో స్కానింగ్‌లో దొరికితే ఫైన్ కడతారు. మనవరాలికి గవ్వ కావాలంటే రసీదు ఇచ్చే దుకాణంలో కొనండి.

మంచిర్యాల సిస్టర్

అన్నా, నేను హాస్పిటల్‌లో నర్సును, మా నాన్న కూడా బాయి మనిషే. స్కూబా గురించి చెప్తాను. ఈత రాకపోయినా దింపుతారు, ట్రైనర్ వెనక పట్టుకునే ఉంటాడు. ఈత సమస్య కాదు, ఊపిరితిత్తులు సమస్య. దిగేముందు ఒక ఫారం ఇస్తారు. ఆస్తమా, బీపీ, గుండె, ఛాతీ జబ్బులు ఉన్నాయా అని అడుగుతుంది. అక్కడ చాలామంది అన్నిటికీ "లేదు" అని టిక్కు పెట్టి దిగిపోతారు. నువ్వు ఆ పని చేయకు.

34 ఏళ్లు బొగ్గు దుమ్ము పీల్చిన ఛాతీ అది. నీళ్ల కింద ఒత్తిడి గాలి పీల్చి పైకి వస్తుంటే, ఊపిరితిత్తుల్లో మచ్చలు ఉన్నచోట గాలి ఇరుక్కుంటే ప్రాణానికే ముప్పు. పోకముందే ఛాతీ డాక్టర్‌కు ఎక్స్‌రే చూపించి, ఊదుడు పరీక్ష చేయించుకో. కంపెనీ పీఎంఈలో (వైద్య పరీక్షలో) ఫిట్ ఇచ్చారు కదా అనకు, అది బాయి దిగడానికి ఇచ్చిన ఫిట్. డాక్టర్ సరే అంటేనే దిగు. దిగితే మరుసటి రోజు విమానం పెట్టుకోకు, మధ్యలో ఒక రోజు గ్యాప్ ఉంచు. వద్దంటే అద్దాల అడుగు పడవ ఉంది. కూర్చున్న చోటు నుంచే పగడాలు, చేపలు కనిపిస్తాయి.

బీపీ మాత్రలుంటే రెండు చోట్ల పెట్టుకో, సగం జేబు సంచిలో, సగం పెద్ద బ్యాగులో. పడవలో వాంతులకు మాత్ర ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి, కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు.

హన్మకొండ సాయంత్రం బ్యాచ్

ఓడ గురించి నేను చెప్తాను సార్, ఎందుకంటే ఆ పిచ్చిపని చేశాను. కాలేజీలో హిస్టరీ చెప్తాను, కాలాపానీకి ఓడలోనే పోవాలని పంతం పట్టాను. వరంగల్‌లో తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై పోతే ఓడ ఒకరోజు ఆలస్యం. ఎక్కాక సుమారు మూడు రోజుల ప్రయాణం. బంక్ క్లాస్‌లో మొదటి రాత్రి ఇంజిన్ చప్పుడు, డీజిల్ వాసన, నా పై బంకులో ఒకాయన రాత్రంతా వాంతులు. రెండో రోజు మధ్యాహ్నం డెక్ మీదికి పోతే చుట్టూ ఎటు చూసినా నీళ్లే, గీత గీసినట్టు ఆకాశం. ఆ ఒక్క పూటకు ఆ డబ్బులు చెల్లు. కానీ ఓడలు రోజూ ఉండవు, తేదీలు మారుతుంటాయి. మీది వారం ప్రయాణం కాబట్టి విమానమే మేలు. శంషాబాద్ నుంచి డైరెక్ట్ దొరికితే రెండున్నర గంటల పైచిలుకు. మీరు ఖని బస్సులో సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండ్‌లో దిగితే అక్కడే ఎయిర్‌పోర్టుకు పోయే పుష్పక్ బస్సు ఎక్కొచ్చు. పొద్దుటి విమానమైతే రాత్రే బయల్దేరండి.

సెల్యులార్ జైలు మాత్రం తొందరగా చూసి రాకండి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఏడు వందలకు కాస్త తక్కువ గదులు. ఒక రెక్క గదుల ముఖం పక్క రెక్క వీపు వైపు ఉంటుంది, ఖైదీకి ఇంకో ఖైదీ ముఖం కనపడకూడదని. వెలుతురు వచ్చే సందు మనిషికి అందనంత ఎత్తులో ఉంటుంది. నేను ఒక గదిలో నిలబడి తలుపు దగ్గరికి వేసుకున్నాను, ఒక నిమిషం కూడా ఉండలేకపోయాను. గడియ గోడలోకి చాలా లోపలికి పెట్టారు, లోపలినుంచి చెయ్యి చాపినా అందదు. ఆ గానుగ కూడా చూడండి. ఎద్దులు తిప్పాల్సినది మనుషులతో తిప్పించారు.

మన హైదరాబాద్ మనిషి ఒకాయన కథ అక్కడికే చేరింది. 1857 జూలై 17న కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసినవాళ్లలో తుర్రేబాజ్ ఖాన్‌తో పాటు మౌల్వీ అల్లావుద్దీన్ ఉన్నాడు. తర్వాత పట్టుబడితే అండమాన్‌కు పంపారు, అక్కడే చనిపోయాడు. ఈ జైలు కట్టకముందు మాట అది. ఆ రెసిడెన్సీ భవనమే ఇప్పుడు కోఠి మహిళా యూనివర్సిటీలో ఉంది. మీరు జైలు ముందు నిలబడినప్పుడు ఒకసారి ఆయన్ను కూడా తలుచుకోండి.

హ్యావ్‌లాక్ విషయంలో కరీంనగర్ తమ్ముడితో సగం ఏకీభవిస్తాను. ఒక రాత్రి చాలు. ఫీనిక్స్ బే నుంచి సర్కారు ఫెర్రీ చవక, ప్రైవేటు వాటికి వెయ్యి దాటుతుంది. అక్కడ నెట్ ఒక్కోసారి మొండికేస్తుంది, ఫోన్‌పే మీదే ఆధారపడకుండా నోట్లు పెట్టుకోండి. మొసళ్ల బోర్డు ఉన్నచోట నీళ్లలో దిగకండి.

8 ఇంక్లైన్ కాలనీ

అందరికీ పేరుపేరునా దండాలు. డాక్టర్ దగ్గరికి పోయొచ్చా. సిస్టర్ అన్నదే నిజమైంది, ఎక్స్‌రేలో పాత మచ్చలు ఉన్నాయట. ప్రమాదమేం లేదు గానీ నీళ్ల కిందికి మాత్రం వద్దన్నాడు. కాబట్టి అద్దాల పడవే.

టికెట్ చేశాను. జనవరి రెండో వారం, ఆరు రాత్రులు. రానుపోను విమానం పదిహేను వేల చిల్లర అయింది. హ్యావ్‌లాక్‌లో ఒక్క రాత్రి, మిగతా ఐదూ అబర్డీన్ బజార్‌లో. లాడ్జికి ఫోన్ చేసి "ఒక్కడినే" అంటే, "అయితే చిన్న రూమ్ ఇస్తా, తక్కువ పడుద్ది" అన్నాడు తెలుగులో. మా ఇంటామె అప్పుడే సకినాలు ఎన్ని కట్టాల్నో లెక్కేస్తోంది.

తమ్మీ సిక్కోలోడా, ఒక్కటే అడుగుతా. బాంబూఫ్లాట్ పోయే మొదటి ఫెర్రీ పొద్దున ఎన్నింటికి? నాకు నాలుగింటికే మెలకువ వస్తుంది, ఫస్ట్ షిఫ్ట్ అలవాటు ఇంకా పోలేదు.

అబర్డీన్ బజార్ సిక్కోలోడు

టైమ్ అప్పుడప్పుడు మారుస్తుంటారు బాబాయ్, ముందురోజు సాయంత్రం జెట్టీలో కనుక్కుని చెప్తాను. కొండ మీది గేటు అంత పొద్దున్నే తీయరు, నాలుగింటికి లేచినా పడుకోండి. సా మిల్లు ముందు చూద్దాం, ఫెర్రీ తర్వాత. ఆ నోటు మాత్రం మర్చిపోకుండా తెండి. సకినాలు నాకూ రెండు.