మెహర్బానీ అంటే మెచ్చుకోలా, దెప్పిపొడుపా?

కావలి కోడలు:
మాది నిజామాబాద్, పెళ్లయి కావలికి వచ్చి ఏడాది కూడా కాలేదు. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలుంటే తెల్లారకముందే లేచి కాఫీలు, టిఫిన్లు అందిస్తూ, ఎవరికేం కావాలో అడుగుతూ తిరుగుతున్నా. మా ఆయన మేనత్త చూసి "ఎవరి మెహర్బానీ కోసమమ్మా ఇదంతా, కాసేపు కూర్చో" అన్నారు. మా వైపు మెహర్బానీ అంటే దయ, సాయం చేసినవాళ్లతో "మీ మెహర్బానీ" అంటాం. అందుకే నవ్వి ఊరుకున్నా. అది మంచి మాట కాదని తర్వాత తోడికోడలు చెప్పింది, అప్పట్నుంచి ఒకటే టెన్షన్. అసలు ఇక్కడ దాని అర్థం ఏంటి? నిజంగా ఇష్టంతో చేసేవాళ్లని ఏమంటారు?

ఒంగోలు వాసి:
మా దగ్గర మెప్పు కోసం మీదేసుకుని చేసేదాన్నే మెహర్బానీ అంటాం. "మెహర్బానీకి పోయి అప్పులపాలయ్యాడు" అనే మాట చిన్నప్పట్నుంచీ వింటున్నా. పొగడ్త అయితే కాదు.

నెల్లూరు మాస్టారు:
అమ్మా, మీరు చెప్పిన అర్థమే అసలుది. అది ఫారసీ మాట, మెహర్బాన్ అంటే దయగలవాడు. నెల్లూరు, ఒంగోలు రెండూ 1801లో ఈస్టిండియా కంపెనీ చేతికి పోయేదాకా ఆర్కాటు నవాబు కింద ఉండేవి, సర్కారు కచేరీల్లో ఫారసీ నడిచేది. తహసీలు, జమాబందీ, కిస్తీ లాంటి శిస్తు లెక్కల మాటలూ అలా ఫారసీ నుంచి వచ్చినవే. నాకు తోచింది చెప్తా: దొరగారి దయ కావాలంటే ముందు ఆయన మెప్పు పొందాలి కదా, అలా దయ చూపేవాడి మాట కాస్తా ఆ దయ కోసం పాకులాడేవాడి మీదికి మళ్లి ఉంటుంది. "ఎవరి మెహర్బానీ కోసం" అన్నదాంట్లో ఆ "ఎవరి" ఎవరిదో చూడండి, చేసేవాళ్లది కాదు, మెచ్చుకోవాల్సినవాళ్లది. నోటిమాటతో మెప్పించేదానికి ఇచ్చకాలు అని వేరే మాటుంది, ఆఫీసులో పైవాళ్ల దగ్గర చేసేది కాకా పట్టడం. మీరు చేసింది ఈ రెండూ కాదు.

కందుకూరు:
మాస్టారూ, చరిత్ర సరే, కానీ ఆ పిల్లని ఇంకా భయపెట్టకండి. "కాసేపు కూర్చో" అని కూడా అన్నారుగా ఆవిడ! మా అమ్మ మా వదినని రోజుకి నాలుగుసార్లు అదే మాటంటుంది, ఒళ్లు హూనం చేసుకుంటోందని బాధతో. తిట్టాలనుకుంటే ఎదురుగా అనరు, పక్కింట్లో అంటారు. ఇక ఇష్టంతో చేసేదాన్ని మేము ఆరాటం అంటాం. "పిల్లకి అందరికీ పెట్టాలని ఆరాటం" అంటే అందులో ప్రేమే ఉంటుంది.

కావలి కోడలు:
ఆరాటం మా ఊళ్లోనూ ఉంది! ఈసారి ఆ మేనత్తగారు అలా అంటే "మెహర్బానీ కాదత్తమ్మా, ఆరాటం" అని చెప్పి, కూర్చోమన్నప్పుడు ఆమె పక్కనే కూర్చుంటా.