సిస్టర్లకు పాత మఠ నియమాలే మేలా, కొత్త పద్ధతులా?

కందుకూరు మాస్టారు:

ఫిబ్రవరి 2న, మఠవాసుల కోసం జరుపుకునే అంకిత జీవిత దినం నాడు, మా విచారణ (పారిష్) గుడిలో పూజ అయ్యాక వరండాలో మొదలైన వాదన ఇంకా తెగలేదు. కొత్తగా వచ్చిన ఒక చిన్న సిస్టర్ చుడీదార్‌లో స్కూటీ మీద వచ్చారు. మెడలో శిలువ తప్ప వేరే గుర్తు లేదు. పెద్దలు గొణిగారు, పిల్లలు సంబరపడ్డారు. గొణిగినవారిలో నేనూ ఉన్నాను. నా కారణం చెబుతాను, తప్పయితే దిద్దండి.

మఠ జీవిత నవీకరణ గురించి కథోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన పత్రాన్ని ఎవరికి తోచినట్టు వారు చదువుకుంటున్నారు. మఠ వస్త్రం సాదాగా, నిరాడంబరంగా ఉండాలని, ఆరోగ్యానికీ కాలానికీ ప్రదేశానికీ చేసే సేవకూ తగినట్టు ఉండాలని, అలా లేనిదాన్ని మార్చుకోవాలని అది చెప్పింది. మార్చుకోమన్నారు, మానుకోమనలేదు. 1983 నాటి శ్రీసభ (కథోలిక సంఘం) చట్టం 669వ సూత్రం ప్రకారం మఠవాసులు తమ సభ (తాము చేరిన మఠ సంఘం) వస్త్రాన్ని సమర్పణకు గుర్తుగా, పేదరికానికి సాక్ష్యంగా ధరించాలి.

చట్టం సంగతి పక్కన పెట్టినా, నేను కళ్లారా చూసినది ఒకటుంది. పొదిలి నుంచి వస్తున్న బస్సులో ఒక నడివయసు స్త్రీ ఎక్కింది. చేతిలో ఆసుపత్రి కాగితాల సంచి. సీట్లు ఖాళీగా ఉన్నా నేరుగా వెళ్లి తెల్లచీర సిస్టర్ పక్కన కూర్చుంది. ఆమె క్రైస్తవురాలు కాదు, నుదుట బొట్టు ఉంది. టికెట్ తీసుకోకముందే ఏడవడం మొదలుపెట్టింది. కొడుకు మూత్రపిండాలు చెడిపోయాయట. సిస్టర్ ఆమె చేయి పట్టుకుని కందుకూరు దాకా వింటూనే ఉన్నారు. ఆ సిస్టర్ రంగుచీర కట్టుకుని ఉంటే ఆ తల్లి ఎవరి పక్కన కూర్చునేది? నా ప్రశ్న అంతే.

బట్ట ఒక్కటే కాదు. రాత్రి ప్రార్థన తరువాత మౌనం, తెల్లవారుజామున ధ్యానం, అందరూ ఒక్కచోట భోజనం, ఇవన్నీ పలచబడ్డాయి. చేతిలో ఫోను వచ్చాక మౌనం ఎక్కడిది?

నెల్లూరు మేనకోడలు:

మాస్టారూ, నమస్కారం. మీ బస్సు కథ చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా మీతో ఏకీభవించలేను. నేను చూసినది కూడా చెబుతాను.

మా మేనత్త 1950ల చివర్లో మఠంలో చేరారు. ఏ సభ అన్నది చెప్పను. నాకు ఎనిమిదేళ్లప్పుడు, మే నెలలో, చేరాక మొదటిసారి ఇంటికి వచ్చారు. మెడ నుంచి మడమల దాకా దళసరి అంగీ, నుదుటికి బిగించిన పట్టీ, దాని మీద ముసుగు. నాయనమ్మ ఆమెను వెనక గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది. నేను సందులోంచి చూశాను. పట్టీ విప్పితే నుదుటి మీద వాత పెట్టినట్టు ఎర్రటి గీత. వీపంతా చెమటకాయలు, కొన్ని చితికి రసి కారుతున్నాయి. నాయనమ్మ గంధం అరగదీసి రాస్తూ ఒక్క మాటా మాట్లాడలేదు. అత్తే అంది, "అన్నయ్యకు చెప్పకమ్మా, బాధపడతాడు" అని. ఐరోపా నుంచి వచ్చిన తల్లులు తమ చలికి కుట్టుకున్న బట్ట అది. నెల్లూరు ఎండలో మన ఆడపిల్లల ఒంటి మీద దాన్ని అలాగే ఉంచారు.

మరుసటి ఏడు తాతయ్య పోయారు. టెలిగ్రామ్ ఇచ్చాం. భూస్థాపన రెండు గంటలు ఆపి దారి చూశాం. ఆమె రాలేదు. నియమం ఒప్పుకోదని పంపలేదట. వారం తరువాత ఉత్తరం వచ్చింది, తాతయ్య ఆత్మశాంతికి జపమాల చెప్పుకున్నానని. అందులో రెండు చోట్ల సిరా అలుక్కుపోయి ఉంది. పాత క్రమశిక్షణ అనగానే నాకు ఆ ఉత్తరమే గుర్తొస్తుంది మాస్టారూ.

తరువాత ఆ సభలో చీర వచ్చింది. అత్త తెల్లచీరలో గడప దాటి లోపలికి వస్తుంటే నాయనమ్మ దిష్టి తీసింది. క్రైస్తవ ఇంట్లో దిష్టి ఏమిటని ఎవరూ అడగలేదు.

ఇంకొక సంగతి. మనం సంప్రదాయం అంటున్నది ఎంత పాతది? 1298లో ఎనిమిదవ బోనిఫాస్ పోపు సన్యాసినులందరినీ గోడల లోపలే ఉండమన్నారు. బయట తిరిగి ఆడపిల్లలకు చదువు చెప్పాలనుకున్న మేరీ వార్డ్ సంఘాన్ని 1631లో రద్దు చేశారు. 1633లో పునీత విన్సెంట్ డి పాల్, లూయిజ్ డి మరియాక్ మొదలుపెట్టిన సిస్టర్లు గోడల బారిన పడకుండా రోగుల ఇళ్లకే వెళ్లారు. అప్పటి పల్లె ఆడవాళ్లు కట్టుకునే బట్టే కట్టారు. అదే తరువాత శతాబ్దాలలో ఎవరూ ముట్టుకోకూడని మఠ వస్త్రమైపోయింది! 1948లో మదర్ తెరెసా నీలి అంచు తెల్లచీర కట్టినప్పుడు చేసిందీ అదే, పేదలు కట్టేది తానూ కట్టారు. మీరు కాపాడాలంటున్న తెల్లచీర కూడా ఒకనాటి కొత్త పద్ధతే.

ప్రార్థన విషయంలో మాత్రం మీ పక్షమే. మా అత్తకు ఇప్పుడు కళ్లు సరిగా కనిపించవు. అయినా తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, పైట తల మీదికి లాక్కుని, మంచం అంచున కూర్చుని కీర్తనలు చెప్పుకుంటారు. అది పోకూడదు.

ఒంగోలు బాప్టిస్టు:

నేను కథోలికుణ్ని కాను, ఒక్క మాట చెప్పి తప్పుకుంటాను. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఆ తరువాత పల్లెపల్లెకూ నడిచి, ఇంటింటా ఆడవాళ్లకు అక్షరాలూ వాక్యమూ నేర్పింది బైబిలు స్త్రీలు. వారు కట్టుకున్నది మామూలు చీరే. చేతిలో బైబిలు, కాళ్లకు దుమ్ము. మా జేజమ్మ చిన్నప్పుడు వాళ్లు వస్తుంటే ఊరి మొదట్లోనే గుర్తుపట్టేవారట. రోజూ వచ్చే మనిషిని గుర్తుపట్టడానికి బట్ట అవసరమా మాస్టారు గారూ?

కందుకూరు మాస్టారు:

రోజూ వచ్చే మనిషికి అవసరం లేదు, ఒప్పుకుంటాను. బస్సులో ఎక్కిన ఆ తల్లి సిస్టర్‌ను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. నా మాట ఆమె గురించి.

మేనకోడలమ్మా, మీ తాతగారి భూస్థాపన సంగతి చదివి మనసు కలుక్కుమంది. అలాంటి నియమాన్ని నేను సమర్థించను.

కావలి టీచరు:

నేను ఏడేళ్లు మఠంలో ఉండి బయటికి వచ్చినదాన్ని. మూడేళ్లు తయారీ, నొవిషియేట్ అనే శిక్షణ, ఆ తరువాత నాలుగేళ్లు తాత్కాలిక మాటపట్టు (వ్రతం). మీరందరూ బట్ట దగ్గరే ఆగిపోయారు. నాకు తెల్లచీర ఎన్నడూ బరువు కాలేదు. గంజి పెట్టి ఇస్త్రీ చేసుకుని, ఎడమ భుజం మీద పిన్ను పెట్టుకునే ఆ రెండు నిమిషాలు నాకు ఇష్టంగా ఉండేవి.

బరువైనది వేరే ఉంది. బడిలో పాఠాలు చెప్పేదాన్ని. నెలనెలా జీతం రిజిస్టరులో సంతకం పెట్టేదాన్ని. బ్యాంకు పుస్తకం ఎలా ఉంటుందో చూడలేదు. దానికి నేను బాధపడలేదు, పేదరికపు మాటపట్టు తెలిసే ఇచ్చాను. మఠవాసి సంపాదన సభకే చెందుతుందని 668వ సూత్రం చెబుతుంది, అది న్యాయమే. కానీ ఆ డబ్బు ఎక్కడికి వెళ్తోందని ఒకసారి అడిగితే విధేయత లేదన్నారు. చెప్పులు తెగితే కొత్తవాటి కోసం అర్జీ రాసి పదిహేను రోజులు ఆగాను. ముప్ఫై ఏళ్లు దాటిన మనిషిని, నలభైమంది పిల్లల బాధ్యత మోసేదాన్ని.

వెళ్లిపోతానన్నప్పుడు 702వ సూత్రం చదివి వినిపించారు. సభను వీడినవారు చేసిన పనికి ఏమీ అడగరాదని ఉంది నిజమే. దాని రెండో భాగం, వెళ్లిపోయేవారి పట్ల సభ న్యాయమూ సువార్త ప్రేమా చూపాలన్నది, చదవలేదు. బస్సు ఛార్జీ ఇచ్చారు. తెల్లచీరలు అప్పగించేశాను. మా అమ్మ కావలి బజారులో రెండు నూలు చీరలు కొని తెచ్చింది, ఒకటి ఆకుపచ్చ, ఒకటి వంకాయ రంగు. ఏది కట్టుకోవాలో తేల్చుకోలేక ఆ పూట అలాగే కూర్చుండిపోయాను.

మఠవాసి లోకానికి చనిపోయినట్టే, జీతం ఆమెది కాదు, కాబట్టి దాని మీద ఆదాయపు పన్ను కోయకూడదని వాదిస్తూ సభలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2024 నవంబరులో కోర్టు ఒప్పుకోలేదు. ఎయిడెడ్ బడుల్లో పనిచేసే సిస్టర్లకూ గురువులకూ (ఫాదర్లకూ) జీతంలో కోత తప్పదంది. ఆ తీర్పు చదివినప్పుడు నాకు తోచింది ఒకటే. చట్టం దృష్టిలో ఆమె బతికున్న మనిషి అయితే, మఠంలో కూడా లెక్క అడగగలిగే మనిషే కావాలి కదా.

నాకు కావలసిన కొత్త పద్ధతి అది. చిన్న సిస్టర్‌కు నెలకోసారి లెక్కలు చూపించాలి. ఇంట్లో తల్లికి జబ్బు చేస్తే వెళ్లే హక్కుండాలి. పై అధికారిణికి అంతరంగం విప్పి చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు. 630వ సూత్రం దాన్ని ఎప్పుడో నిషేధించింది, పాటించేవారే కావాలి. 2025 జనవరిలో రోములో మఠ జీవిత వ్యవహారాల శాఖకు సిస్టర్ సిమోనా బ్రాంబిల్లా అధిపతి అయ్యారు. ఒక స్త్రీ ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. అది రోములో జరిగింది. మన జిల్లా మఠాల్లో మార్పు వంటగది పక్కన ఉన్న ఆఫీసు గదిలో మొదలవ్వాలి.

పాత పద్ధతుల్లో నేను పోగొట్టుకున్నానని ఏడ్చేది మౌనం గురించే, మాస్టారూ. రాత్రి ప్రార్థన అయ్యాక దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ నడిచే ఆ వసారా. అలాంటి నిశ్శబ్దం నాకు మళ్లీ దొరకలేదు.

కందుకూరు మాస్టారు:

అమ్మా, నలభై ఏళ్లు బడిలో పనిచేశాను. మా బడిలోనూ సిస్టర్లు ఉండేవారు. జీతాల రోజున వారు సంతకం పెట్టి వెళ్లిపోవడం ప్రతి నెలా చూశాను. ఒక్కసారీ ఈ ప్రశ్న నాకు రాలేదు. వారికి ఖర్చులేముంటాయిలే అనుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. విచారణ మండలిలో నేనూ సభ్యుణ్ని. మఠం లెక్కల్లో మాకు అధికారం లేదు, ఉండకూడదు కూడా. అయితే గుడి పనులకు సిస్టర్ల చేత చేయించుకునే చాకిరీ మా చేతిలో ఉంది. పండుగలకు వంటలు, బలిపీఠం గుడ్డలు ఉతకడం, గురువుల అతిథులకు మర్యాదలు. వీటిని మగవాళ్లతో సహా అందరం వంతులు వేసుకోవాలని ఈసారి సమావేశంలో అడుగుతాను.

వస్త్రం విషయంలో మాత్రం నేను కదలను. స్కూటీ మీద చుడీదార్ వేసుకోండి, సరే. పైట చక్రంలో పడే ప్రమాదం నాకూ తెలుసు. ఊరి వైపు వెళ్లేటప్పుడు, ఆసుపత్రికి వెళ్లేటప్పుడు, తెలియనివారు కలిసే చోట తెల్లచీర ఉండాలి.

కావలి టీచరు:

మాస్టారూ, ఆ చిన్న సిస్టర్‌ను ఎవరైనా అడిగారా?

కందుకూరు మాస్టారు:

లేదమ్మా. వరండాలో ఆమె ముందే అంతసేపు మాట్లాడాం, ఆమెను అడగలేదు. ఆదివారం పూజ తరువాత అడుగుతాను. ఇక్కడ రాయడానికి ఆమె ఒప్పుకుంటే రాస్తాను.